పటాన్‌కోట్ గోడ పక్కన చెట్టు

2016 జనవరి 2, ఇంకా తెల్లారలేదు. పంజాబ్‌లోని పటాన్‌కోట్ వైమానిక స్థావరంలో, కాపలా కాసే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ దళం వాళ్ల మెస్ దగ్గర తుపాకులు పేలాయి. అక్కడున్న ఆ దళం మనిషి జగదీశ్ చంద్ చేతిలో ఆయుధమేమీ లేదు. అయినా ఆయన పారిపోలేదు. లోపలికి దూసుకొచ్చిన వాళ్లలో ఒకడి వెంటపడి, కలబడి, వాడి తుపాకీ లాక్కుని దానితోనే వాణ్ని కాల్చి చంపారు. మిగతావాళ్ల తూటాలకు తానూ నేలకొరిగారు. ప్రభుత్వం ఆయనకు మరణానంతరం కీర్తి చక్ర ఇచ్చింది.

ఈ సంగతి ఎప్పుడు చదివినా నాకు గర్వం కంటే ముందు కోపం వస్తుంది. దాడి జరగవచ్చని ఆ స్థావరానికి ముందు రోజే తెలుసు. ఢిల్లీ నుంచి ఎన్‌ఎస్‌జీ (జాతీయ భద్రతా దళం) కమాండోలు కూడా ముందు రోజే వచ్చి దిగారు. మరి కాపలా కాసే దళానికి చెందిన మనిషి ఖాళీ చేతులతో ఎందుకున్నాడు? శత్రువు లోపలికి ఎలా వచ్చాడన్న ప్రశ్న కంటే ఇదే నన్ను ఎక్కువ వేధిస్తుంది. సైనిక స్థావరాల్లోకి చొరబాట్లు ఎలా జరుగుతాయో అర్థం కావాలంటే ఆ ఒక్క రోజును కొంచెం నెమ్మదిగా చూడాలి.

పాకిస్తాన్ వైపు నుంచి వచ్చిన ఉగ్రవాదులు బమియాల్ అనే ఊరి దగ్గర సరిహద్దు దాటారు. అక్కడంతా వాగులూ వంకలూ. వానలొస్తే కంచె కొట్టుకుపోయే నేల అది. ముందు ఒక టాక్సీ ఆపి, డ్రైవర్‌ను చంపారు. తర్వాత ఒక పోలీసు ఎస్పీ ప్రయాణిస్తున్న బండిని లాక్కున్నారు. ఆ బండి మీద నీలం రంగు లైటు ఉంది. దారిలో ఆయన్నీ వంటమనిషినీ వదిలేశారు, ఆయన స్నేహితుడి గొంతు కోసి పడేశారు. అదృష్టం, ఆ స్నేహితుడు బతికాడు. ఇదంతా డిసెంబర్ 31 రాత్రికీ జనవరి 1 తెల్లవారుజాముకీ మధ్య జరిగింది. ఎస్పీ బయటపడి విషయం చెప్పాడు. ఎత్తుకుపోయిన ఫోన్ నుంచి సరిహద్దు అవతలికి కాల్స్ వెళ్లాయి. వదిలేసిన బండి వైమానిక స్థావరానికి దగ్గర్లోనే దొరికింది.

ఇంతకంటే స్పష్టంగా ఎవరైనా ఏం చెప్పగలరు? కానీ పోలీసులు మొదట ఎస్పీ మాట నమ్మలేదు. దొంగల పనేమోనన్నారు, ఆయన మీదే అనుమానపడ్డారు. ఆ గంటలన్నీ అలా పోయాయి. పక్కనే ఉన్న గురుదాస్‌పూర్ జిల్లాలో అంతకు ఐదు నెలల ముందు, 2015 జూలై 27న, దీనానగర్ పోలీస్ స్టేషన్ మీద ఉగ్రవాదులు దాడి చేశారు. ఆ గాయం ఇంకా ఆరకుండానే ఇలా జరిగింది.

చివరికి హెచ్చరిక పైకి వెళ్లింది. స్థావరంలో విమానాలు, హెలికాప్టర్లు ఉండే టెక్నికల్ ఏరియా చుట్టూ భద్రత పెంచారు. ఆ మేరకు మెచ్చుకోవాలి, ఒక్క విమానానికీ దెబ్బ తగలలేదు. కానీ ఉగ్రవాదులు అప్పటికే గోడ దాటేశారనీ, మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ షెడ్లలో నక్కి గంటల తరబడి ఎదురుచూశారనీ దర్యాప్తు చేసినవాళ్లు అంచనాకొచ్చారు. అంటే బయట కాపలా పెంచుతున్న సమయానికి దొంగ అటక మీద కూర్చున్నాడన్న మాట.

ఇక గోడ సంగతి. పటాన్‌కోట్ స్థావరం సుమారు 2,000 ఎకరాలు, చుట్టూ 24 కిలోమీటర్ల ప్రహరీ. దాని మీద ముళ్ల తీగ చుట్టలు. ఉగ్రవాదులు దూకిన చోట గోడ ఎత్తు 11 అడుగులు. పక్కనే జామాయిల్ చెట్టు. చెట్టుకు తాడు కట్టి, దాని సాయంతో గోడెక్కి, ముళ్ల తీగ కత్తిరించి లోపలికి దిగారు. ఆ భాగంలో ఫ్లడ్ లైట్లు సరిగ్గా పనిచేయడం లేదు. తర్వాత పార్లమెంటు హోం శాఖ స్థాయీ సంఘం ఈ దాడి మీద గట్టిగానే రాసింది. గోడ వెంట గస్తీ తిరగడానికి రోడ్డు లేదని, చుట్టూ పొదలు, ఎత్తైన చెట్లు పెరిగిపోయాయని, ముందే పక్కా హెచ్చరిక ఉన్నా దాడిని ఆపలేకపోయామంటే మన ఉగ్రవాద నిరోధక వ్యవస్థలోనే ఎక్కడో పెద్ద లోపం ఉందని చెప్పింది.

మా పెదనాన్న సైన్యంలో రిటైరయ్యాక డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో చేరి చాలా ఏళ్లు పనిచేశారు. 1947లో మొదలైన ఈ దళంలో ఎక్కువ మంది ఆయన లాంటి మాజీ సైనికులే. ఆయుధ డిపోలు, వైమానిక స్థావరాలు, నౌకాదళ కేంద్రాలు, డీఆర్‌డీఓ ల్యాబులు, ఎక్కడ చూసినా గేటు దగ్గర నిలబడేది వీళ్లే. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఇంటికొక సైనికుడు ఉంటాడని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ ఇళ్లలో పెద్దవాళ్లను కదిపితే ఈ రెండో ఉద్యోగం కథలూ వినపడతాయి.

ఒకసారి నేను అమాయకంగా అడిగాను, "అంత పెద్ద గోడ ఉండగా లోపలికెలా వస్తారు పెదనాన్నా?" అని.

ఆయన నవ్వలేదు. "గోడ ఎవణ్నీ ఆపదురా. రెండు నిమిషాలు ఆలస్యం చేస్తుంది, అంతే. ఆ రెండు నిమిషాల్లో నేను వాణ్ని చూడాలి. చూడకపోతే గోడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

భద్రతా నిపుణులు పెద్ద పుస్తకాల్లో చెప్పేది కూడా సరిగ్గా ఇదే. ఏ స్థావరానికైనా రక్షణ అంటే మూడు పనులు. చొరబాటును పసిగట్టడం, చొరబడినవాణ్ని ఆలస్యం చేయడం, ఈలోగా బలగాలు వచ్చి వాణ్ని అడ్డుకోవడం. ఇందులో మెలిక ఏమిటంటే గడియారం గోడ దగ్గర మొదలవ్వదు, పసిగట్టిన క్షణం నుంచి మొదలవుతుంది. ఉదాహరణకు గోడ దాటడానికి రెండు నిమిషాలు, అక్కడి నుంచి విమానాలు నిలిపే హ్యాంగర్ దాకా పరుగెత్తడానికి ఎనిమిది నిమిషాలు పడుతుందనుకుందాం. మన క్విక్ రియాక్షన్ టీమ్ రావడానికి ఏడు నిమిషాలు కావాలి. గోడ దగ్గరే చూస్తే మనం గెలుస్తాం. వాడు హ్యాంగర్‌కు రెండు నిమిషాల దూరంలో ఉండగా చూస్తే, అంతకు ముందు గోడ, కంచె, కందకం కలిసి చేసిన ఆలస్యమంతా వృథా. ఎవరూ చూడనప్పుడు జరిగిన ఆలస్యానికి విలువ సున్నా.

ఈ లెక్కతో పటాన్‌కోట్‌ను చూడండి. అక్కడ గడియారం గోడకు అవతలే మొదలయ్యే అవకాశం వచ్చింది. ఎస్పీ నోరు తెరిచిన క్షణం నుంచి తుపాకులు పేలేదాకా దాదాపు పూర్తి రోజు చేతిలో ఉంది. ప్రపంచంలో ఏ స్థావరానికీ మామూలుగా దొరకనంత సమయం. కెమెరాలు, సెన్సర్లు పెట్టేదంతా కొన్ని నిమిషాలు ముందుగా తెలుసుకోవడం కోసమే కదా. మనకు ఏకంగా ఒక రోజు దొరికింది. ఒక మనిషి మాటను ఇంకొకరు నమ్మకపోవడం వల్ల అందులో సగం, ఎక్కడ వెతకాలో తెలియక మిగతా సగం జారిపోయాయి.

నమ్మడం అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఈ మొత్తం వ్యవహారంలో కష్టమైన ముడి అదే. పెదనాన్న రాత్రి డ్యూటీల గురించి చెబుతుంటే ఇది నాకు బాగా అర్థమైంది. కొత్తగా ఒక పోస్టుకు వెళ్లినప్పుడు ఆకు కదిలినా టెన్షనే. నెల గడిచేసరికి ఏ చప్పుడు నక్కదో, ఏది కుక్కదో, గాలికి ఏ రేకు కొట్టుకుంటుందో తెలిసిపోతుంది. "అసలు ప్రమాదం ఆ తెలిసిపోవడంలోనే ఉంది. ఒకరోజు నక్కే అనుకుంటావు, అది నక్క కాదు" అనేవారు. అందుకే ఆయన వెళ్లి చూడకుండా రిజిస్టర్‌లో ఎప్పుడూ 'జంతువు' అని రాయలేదట. టార్చి వేసుకుని చప్పుడైన చోటికి వెళ్లి, చూసి, తిరిగొచ్చి అప్పుడు రాసేవారు. చలికాలంలో తెల్లవారుజామున మూడింటికి ఆ పని చేయడమంటే ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

ఇది మన దేశపు సమస్య మాత్రమే అనుకోనక్కర్లేదు. 2012 జూలై 28న అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్‌లో, అణ్వాయుధాలకు వాడే శుద్ధి చేసిన యురేనియం దాచే వై-12 కేంద్రంలోకి ముగ్గురు శాంతి కార్యకర్తలు చొరబడ్డారు. వాళ్లలో ఒకరు 82 ఏళ్ల క్రైస్తవ సన్యాసిని మేగన్ రైస్. కంచెలు ఒకదాని తర్వాత ఒకటి కత్తిరించుకుంటూ వెళ్లి, యురేనియం నిల్వచేసిన భవనం గోడ మీద నినాదాలు రాసి, సుత్తితో కొట్టారు. సెన్సర్లు పనిచేశాయి, అలారం మోగింది. కానీ అక్కడ తప్పుడు అలారాలు మోగడం మామూలైపోయింది. చూడాల్సిన కెమెరా చెడిపోయి ఉంది. అన్నిటికంటే నన్ను కదిలించిన సంగతి ఇది. లోపలి గార్డులకు గోడ మీద సుత్తి దెబ్బలు వినిపించాయి. మరమ్మతు పనివాళ్లేమో అనుకున్నారు. ప్రపంచంలోనే అతి ఖరీదైన భద్రతా వ్యవస్థల్లో ఒకటి ఆ ఒక్క 'అనుకున్నాం' దగ్గర కూలిపోయింది.

అదే ఏడాది సెప్టెంబర్ 14న అఫ్గానిస్తాన్‌లోని హెల్మండ్‌లో బాస్టియన్ స్థావరం. అమెరికా సైనికుల యూనిఫాం వేసుకున్న 15 మంది తాలిబన్లు కంచె కత్తిరించి లోపలికొచ్చి 6 హారియర్ యుద్ధ విమానాలను కాల్చి బూడిద చేశారు. ఇద్దరు మెరీన్లు చనిపోయారు, వాళ్లలో ఒకరు స్క్వాడ్రన్ కమాండరే. ఆ రాత్రి 24 కావలి టవర్లలో 11 టవర్లలోనే మనుషులున్నారు. మిగతావి ఖాళీ. దూరం నుంచి చూసేవాడికి టవర్ ఉన్నట్టే కనిపిస్తుంది, కాబట్టి భయపడతాడని ఒక నమ్మకం. కానీ దాడి చేసేవాడు దూరం నుంచి ఒక్కసారి చూసి వెళ్లిపోడు, రోజుల తరబడి చూస్తాడు. ఏ టవర్‌లో రాత్రి సిగరెట్ నిప్పు కూడా కనిపించదో వాడికి తెలుస్తుంది.

మళ్లీ పటాన్‌కోట్‌కు వద్దాం. అక్కడ చనిపోయిన ఏడుగురు భద్రతా సిబ్బందిలో ఐదుగురు డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ వాళ్లే. ఒకరు వైమానిక దళపు గరుడ్ కమాండో, ఇంకొకరు ఎన్‌ఎస్‌జీ బాంబు నిర్వీర్య నిపుణుడు లెఫ్టినెంట్ కల్నల్ నిరంజన్. చచ్చిన ఉగ్రవాది దగ్గరున్న గ్రెనేడ్ పేలి ఆయన ప్రాణం పోయింది. ఆ ఐదుగురి సంఖ్య దగ్గర నేను ఆగిపోతాను. సైన్యంలో ఒక జీవితకాలం సేవ చేసి, పిల్లల చదువుల కోసమో, ఇంటి అప్పు కోసమో మళ్లీ యూనిఫాం వేసుకున్న మనుషులు. వాళ్లకిచ్చే పని గేట్లు చూడటం, గోడలు చూడటం. దేశంలోకెల్లా మెరికల్లాంటి కమాండోలు విమానాల చుట్టూ ఉన్నారు, మొదటి తూటాలు తగిలింది మాత్రం వీళ్లకి. విలువైన వస్తువు చుట్టూ బలం పెంచడం తప్పు కాదు. కానీ ఆ రాత్రి స్థావరంలో ఉన్న ప్రతి కాపలా మనిషి చేతికీ తుపాకీ ఇచ్చి, మెస్ దగ్గర కూడా ఒక సెంట్రీని నిలబెట్టి ఉండాల్సింది. సైన్యం యూనిట్లు పటాన్‌కోట్ చుట్టుపక్కలే పెద్ద సంఖ్యలో ఉండగా, భూభాగం తెలియని ఎన్‌ఎస్‌జీని ముందుపెట్టడం మీద కూడా అప్పట్లో చాలామంది మాజీ సైనికాధికారులు మండిపడ్డారు. వాళ్ల కోపంలో న్యాయముందనే అనుకుంటాను.

దాడి తర్వాత లెఫ్టినెంట్ జనరల్ ఫిలిప్ కాంపోజ్ నాయకత్వంలో కమిటీ వేశారు. దేశంలోని సైనిక స్థావరాల భద్రత మీద ఆ కమిటీ 2016 మే నెలలోనే నివేదిక ఇచ్చింది. సెప్టెంబర్ 18న కశ్మీర్‌లోని ఉరి అనే ఊళ్లో సైనిక శిబిరం మీద దాడి జరిగింది, 19 మంది సైనికులు అమరులయ్యారు. యూనిట్లు మారుతున్న సమయం, చాలామంది గుడారాల్లో ఉన్నారు, మంటలు అంటుకుని ఎక్కువ మంది అలాగే పోయారు. నవంబర్ 29న జమ్మూ దగ్గరి నగ్రోటా. పోలీసు యూనిఫాంలో వచ్చిన ముష్కరులు ఆర్టిలరీ యూనిట్‌లోకి చొరబడ్డారు, ఇద్దరు మేజర్లతో కలిపి ఏడుగురు చనిపోయారు. అక్కడ ఇద్దరు అధికారుల భార్యలు పసిపిల్లల్ని పెట్టుకుని, ఇంట్లో సామానంతా తలుపుకు అడ్డంగా లాగి, ముష్కరులు లోపలికి రాకుండా ఆపారు. పసిగట్టారు, ఆలస్యం చేశారు, బలగాలు వచ్చేదాకా నిలబడ్డారు. పుస్తకాల్లో చెప్పిన మూడు పనులూ అక్కడ ఒక క్వార్టర్స్ తలుపు దగ్గర జరిగాయి.

2018 ఫిబ్రవరి 10న జమ్మూలోని సుంజువాన్ క్యాంప్. ఆరుగురు సైనికులు, ఒక సైనికుడి తండ్రి చనిపోయారు. ఇదే క్యాంప్ మీద 2003లో కూడా దాడి జరిగింది, అప్పుడు 12 మంది జవాన్లు పోయారు. ఒకే గోడ రెండుసార్లు దాటారు. ఆ వారంలోనే రక్షణ శాఖ స్థావరాల భద్రత కోసం సుమారు 1,487 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కాంపోజ్ నివేదిక వచ్చి అప్పటికి 20 నెలలు దాటింది.

ఆ డబ్బుతో, ఆ తర్వాత వచ్చిన నిధులతో కంచెల మీద సెన్సర్లు, చీకట్లో వేడిని బట్టి మనిషిని గుర్తించే థర్మల్ కెమెరాలు, అన్నిటినీ ఒకచోట చూసే కంట్రోల్ రూములు వచ్చాయి. మంచిదే. కానీ ఈలోగా గోడ అవసరమే లేని దారి ఒకటి తెరుచుకుంది. 2021 జూన్ 27 అర్ధరాత్రి దాటాక జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లు కొన్ని నిమిషాల తేడాతో రెండు బాంబులు వేశాయి. ఒకటి ఒక భవనం పైకప్పుకు చిల్లు పెట్టింది, రెండోది ఖాళీ స్థలంలో పేలింది. ఇద్దరికి స్వల్ప గాయాలయ్యాయి. నష్టం చిన్నదే గానీ మన దేశంలో సైనిక స్థావరం మీద డ్రోన్ దాడి అదే మొదటిసారి. 2025 జూన్ 1న ఉక్రెయిన్ ఇదే ఆలోచనను ఎక్కడికో తీసుకెళ్లింది. లారీల మీద చెక్క గదుల్లో దాచిన 117 డ్రోన్లను రష్యా లోపలి నుంచే ఎగరేసి, సరిహద్దుకు వేల కిలోమీటర్ల దూరంలోని బాంబర్ విమానాలను కూడా కొట్టింది. అక్కడ చొరబాటు స్థావరం గోడ దగ్గర జరగలేదు, హైవే మీద జరిగింది. ఆ లారీని ఆపి చూడాల్సింది స్థావరం సెంట్రీ కాదు, దారిలో ఎక్కడో ఒక చెక్‌పోస్ట్ కానిస్టేబుల్. బమియాల్ రాత్రి లాగే.

గోడ దాటకుండా లోపలికి వచ్చే ఇంకో దారి మన విశాఖపట్నంలో బయటపడింది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్, కేంద్ర సంస్థలు కలిసి 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్ట్ చేశాయి. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేర్లతో పరిచయం పెంచుకుని, యువ నావికుల నుంచి ఓడలు, జలాంతర్గాముల కదలికలు రాబట్టారన్నది అభియోగం. కేసు ఎన్‌ఐఏకి (జాతీయ దర్యాప్తు సంస్థకు) వెళ్లింది. ఆ నెలలోనే నౌకాదళం తన స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. తూర్పు నౌకాదళ కేంద్రం చుట్టూ గోడకు ఒక్క పగులు పడలేదు. చొరబాటు మాత్రం ఒక కుర్రాడి జేబులో ఉన్న ఫోన్‌లోంచి జరిగింది. ఇరవై ఏళ్ల పిల్లాడు, ఇంటికి దూరంగా, ఓడలో. వాడి ఒంటరితనాన్ని పసిగట్టింది ముందు శత్రువు, తర్వాతే మన వ్యవస్థ. నిషేధం అవసరమే కావచ్చు, కానీ ఆ పిల్లలతో రోజూ మాట్లాడే పై అధికారి ఒకరుండటం అంతకంటే అవసరం.

భద్రత పెంచినప్పుడల్లా దాని బరువు గోడ బయట ఉన్న మనుషుల మీద కూడా పడుతుంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఏఓసీ (సైన్యపు ఆర్డినెన్స్ కోర్) రోడ్ల మూసివేత గొడవ కొత్తగా చెప్పక్కర్లేదు. తరాలుగా నడిచిన దారిలో గేటు పడితే, పిల్లల స్కూలుకూ ఆసుపత్రికీ చుట్టూ తిరిగి వెళ్లాలి. 2018 మేలో రక్షణ శాఖ దేశంలోని 62 కంటోన్మెంట్లలో మూసిన రోడ్లను తెరవమని ఆదేశించింది, దాని మీద సైనిక కుటుంబాల నుంచి అభ్యంతరాలూ వచ్చాయి. రెండు వైపులా నిజమైన బాధే ఉంది. సుంజువాన్ తర్వాత క్వార్టర్స్‌లో పిల్లల్ని పెట్టుకున్న తల్లికి భయం ఉండదా? అయితే రోడ్డు మూయడం వల్ల ఎవరైనా పసిగట్టడం పెరిగిందా లేదా అన్నది ప్రతి గేటు దగ్గరా విడిగా అడగాలి. పక్కన ఉండే జనం శత్రువులు కాదు, తెలియని బండి రెండు రోజులుగా ఆగి ఉందని చెప్పేది వాళ్లే. వాళ్లను దూరం చేసుకుంటే ఉచితంగా వచ్చే కళ్లను మనమే మూసుకున్నట్టు.

2025 జూన్ 20న బ్రిటన్‌లోని బ్రైజ్ నార్టన్ స్థావరంలోకి ఇద్దరు నిరసనకారులు ఎలక్ట్రిక్ స్కూటర్ల మీద దూసుకెళ్లి రెండు విమానాల ఇంజన్లలో ఎర్ర రంగు చల్లి బయటపడ్డారు. అంత పెద్ద దేశం, అంత ముఖ్యమైన స్థావరం. వాళ్ల చేతిలో ఉన్నది రంగు కాబట్టి సరిపోయింది.

బాస్టియన్ దాడి తర్వాత ఏడాదికి, 2013లో, అమెరికా మెరీన్ కోర్ ఇద్దరు మేజర్ జనరల్స్‌ను రిటైర్ అయిపొమ్మంది. ఖాళీ టవర్లకు బాధ్యత ఎవరిదో పేరు పెట్టి చెప్పారు. పటాన్‌కోట్ కేసులో ఎన్‌ఐఏ 2016 డిసెంబర్‌లో జైష్-ఎ-మహమ్మద్ అధినేత మసూద్ అజర్ మీదా, మరికొందరి మీదా చార్జిషీట్ వేసింది. దాడి చేయించినవాళ్ల పేర్లు అలా రికార్డులోకి ఎక్కాయి.

ఆ జనవరిలో టీవీలో పటాన్‌కోట్ వార్తలు చూస్తున్నప్పుడు మా పెదనాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గోడ, తాడు, జామాయిల్ చెట్టు గురించి చెప్పినప్పుడు మాత్రం కుర్చీలో ముందుకు జరిగారు. ఉగ్రవాదుల గురించి అడగలేదు, పాకిస్తాన్ గురించి అడగలేదు.

"ఆ చెట్టు ఒక్కరోజులో పెరగలేదు కదరా. దాన్ని కొట్టేయమని కింది నుంచి ఎవరో ఒకడు కాగితం రాసే ఉంటాడు. ఆ కాగితం ఎవరి టేబుల్ మీద ఆగిందో చెప్పారా?" అన్నారు.